గుడ్డు పొరలో దొరికిన సిగ్నల్

ఒక ఇంటర్వ్యూ ఊహించుకోండి. బోర్డులో ఉన్న పెద్దాయన మీ రెజ్యూమె తిరగేసి, మీరు కనిపెట్టానంటున్న ఆ పదార్థం ఏదీ, ఒకసారి చూపించమంటాడు. మీ దగ్గర అది లేదు. దాని బరువెంతో చెప్పలేరు. దేంతో తయారైందో పూర్తిగా తెలియదు. సీసాలో పోసి బల్ల మీద పెట్టే పరిస్థితి అసలే లేదు. మీ దగ్గరున్న సాక్ష్యం ఒక్కటే, అది తగిలిన చోట వైరస్ పెరగడం లేదు.

దాదాపు పదేళ్లపాటు ఇలాంటి ఇంటర్వ్యూలోనే కూర్చున్న మనిషి డాక్టర్ అలిక్ ఐజాక్స్. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన జాన్ లిండెన్‌మన్‌తో కలిసి 1957లో ఇంటర్‌ఫెరాన్‌ను లోకానికి పరిచయం చేసింది ఆయనే. పరిచయం చేసింది కోడిగుడ్డు లోపలి పొర ఆధారంగా. ఆయన పోయాక మూడు దశాబ్దాలకు అదే కోడిలో, అదే ఇంటర్‌ఫెరాన్ కుటుంబానికి చెందిన ప్రొటీన్లను వ్యాక్సిన్‌కు తోడుగా ఇచ్చి చూడటం మొదలైంది. ఈ రెండు చివరలూ నాకు విడివిడిగా తెలుసు. మధ్యలో ఉన్న మనిషి గురించి మాత్రం ఈమధ్యే తెలిసింది.

నిజం చెప్పాలంటే నేను ఎంపీసీ బ్యాచ్. టెన్త్‌తోనే బయాలజీకి టాటా చెప్పి ఇంజినీరింగ్‌లో పడ్డవాణ్ని. కోళ్ల వ్యాక్సిన్ల గురించి ఏదో రాద్దామని కూర్చుంటే సైటోకైన్లు అనే మాట అడ్డం వచ్చింది. ఒంట్లో ఒక కణం ఇంకో కణానికి పంపే మెసేజ్‌లు అవి, ప్రొటీన్ రూపంలో ఉంటాయి. పక్కింట్లో దొంగలు పడ్డారని తెలిసి వీధంతా తలుపులు గడియ పెట్టుకున్నట్టు, వైరస్ సోకిన కణం చుట్టుపక్కల కణాలను హెచ్చరిస్తుంది. ఆ కేకే ఇంటర్‌ఫెరాన్. ఈ కేకను మొదట విన్నదెవరు అని వెనక్కి వెళ్తే ఐజాక్స్ తగిలాడు.

డాక్టరు కోటు నచ్చలేదు

1921 జులై 17న స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో, ఒక యూదు కుటుంబంలో పుట్టాడు అలిక్. చదువులో ముందుండే కుర్రాడు. గ్లాస్గో యూనివర్సిటీలో మెడిసిన్ చేసి, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగానే 1944లో పట్టా పుచ్చుకున్నాడు. అప్పటిదాకా అంతా మన ఇళ్లలో కలలుగనే కథే. తర్వాతే మలుపు. ఆసుపత్రిలో పనిచేశాక, వార్డుల్లో రోగుల్ని చూడటం తనకు సరిపడే పని కాదని ఆయనకు అర్థమైంది. గ్లాస్గోలోనే బ్యాక్టీరియాలజీ విభాగంలో పరిశోధనలో చేరిపోయాడు.

ఎంబీబీఎస్ చేసి ప్రాక్టీస్ వదిలేస్తానంటే మన దగ్గర చుట్టాలంతా పంచాయితీ పెడతారు. మెకానికల్ చదివి కోడింగ్‌కు వెళ్లినందుకే మా ఇంట్లో ఆరు నెలలు చర్చ జరిగింది. ఐజాక్స్ ఇంట్లో ఏం జరిగిందో గానీ, 1947లో ఆయన షెఫీల్డ్‌కు మారి స్టువర్ట్ హారిస్ అనే ప్రొఫెసర్ దగ్గర ఇన్‌ఫ్లుయెంజా వైరస్ మీద పని మొదలుపెట్టాడు. ఇక ఆ వైరస్‌ను వదల్లేదు. మరుసటి ఏడాది రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ వచ్చింది. దాంతో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కు, వాల్టర్ అండ్ ఎలీజా హాల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాడు.

అక్కడి బాస్ మాక్‌ఫర్లేన్ బర్నెట్, తర్వాత 1960లో నోబెల్ అందుకున్నాయన. ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను కోడిగుడ్లలో పెంచే పద్ధతికి బర్నెట్ ల్యాబ్ పెట్టింది పేరు. వైరస్ బతకాలంటే బతికున్న కణం కావాలి. పిండం పెరుగుతున్న గుడ్డు చవగ్గా దొరికే రెడీమేడ్ ల్యాబ్ లాంటిది. పెంకుకు చిన్న బెజ్జం పెట్టి వైరస్ ఎక్కిస్తే చాలు. ఫ్లూ వ్యాక్సిన్ ఇప్పటికీ ఎక్కువగా ఇలాంటి గుడ్లలోనే తయారవుతోంది.

మెల్‌బోర్న్‌లోనే ఐజాక్స్‌కు ఒక పాత చిక్కుముడి పట్టుకుంది. దాని పేరు ఇంటర్‌ఫియరెన్స్. ఒక వైరస్ ముందుగా చొరబడిన కణంలోకి ఇంకో వైరస్ వచ్చి పెరగలేకపోవడం. 1930ల నుంచీ శాస్త్రవేత్తలకు ఇది తెలుసు. ఇంకా వింత ఏమిటంటే, ముందు వెళ్లిన వైరస్ చచ్చినదైనా సరే, వెనక వచ్చే దాన్ని అడ్డుకుంటోంది. చచ్చిన వైరస్ ఏం చేయగలదు? సీటు మీద కర్చీఫ్ వేసినట్టు కణం తలుపు దగ్గర కూర్చుంటుందా, లోపలికెళ్లి సామాన్లు కాజేస్తుందా? మార్గరెట్ ఎడ్నీ అనే సహోద్యోగితో కలిసి దీని మీద ఐజాక్స్ 1950లో పేపర్లు వేశాడు. సూటి జవాబు దొరకలేదు. జవాబుతో కాదు గానీ ఆస్ట్రేలియా నుంచి భార్యతో మాత్రం తిరిగొచ్చాడు. ఆమె సుసానా ఫోస్, వైద్యురాలు, తర్వాత పిల్లల మానసిక వైద్యంలో పనిచేశారు.

లండన్ శివారు మిల్ హిల్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ మెడికల్ రీసెర్చ్‌లో చేరాక ఐజాక్స్‌కు మంచి బాధ్యతే దక్కింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున నడిచే వరల్డ్ ఇన్‌ఫ్లుయెంజా సెంటర్‌కు ఆయనే బాధ్యుడు. దేశదేశాల నుంచి వచ్చే ఫ్లూ వైరస్‌లను పోల్చి, ఏది కొత్తదో చెప్పడం పని. గౌరవం ఉంది, స్థిరత్వం ఉంది, పేరు ఉంది. చిక్కుముడి మాత్రం అలాగే ఉంది.

టీ బల్ల దగ్గర మొదలైంది

1956లో జ్యూరిక్ నుంచి ఏడాది ఫెలోషిప్ మీద లిండెన్‌మన్ మిల్ హిల్‌కు వచ్చాడు. వచ్చిన పని వేరు. టీ తాగుతూ మాట్లాడుకుంటుంటే ఇద్దరి బుర్రలోనూ ఉన్నది ఇంటర్‌ఫియరెన్సేనని తేలింది. లిండెన్‌మన్ కూడా జ్యూరిక్‌లో దాని మీద కొంత పని చేసి వచ్చినవాడే. ఇద్దరూ కలిసి చేద్దామనుకున్నారు.

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. అసలు విషయమంతా ఈ ప్రయోగంలోనే ఉంది, దీన్ని అర్థం చేసుకోవడానికి బైపీసీ చదివుండాల్సిన పని కూడా లేదు.

పిండం పది రోజులు పెరిగిన కోడిగుడ్డు తీసుకుంటారు. పెంకు లోపల, పిండం చుట్టూ రక్తనాళాలతో నిండిన పల్చటి పొర ఉంటుంది. గుడ్డులోని పిల్ల ఊపిరి తీసుకునేది దాని ద్వారానే. కోరియో అల్లంటాయిక్ మెంబ్రేన్ అని పెద్ద పేరు. మనం గుడ్డు పొర అనుకుందాం. ఆ పొరను ముక్కలుగా కోసి, ఉప్పు ద్రావణం ఉన్న టెస్ట్‌ట్యూబుల్లో వేసి, ఒంటి వేడిలో ఉంచుతారు. ముక్క బతికే ఉంటుంది. ఇప్పుడు 56 డిగ్రీల దగ్గర వేడిచేసి చంపిన ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను అందులో కలుపుతారు.

మొదట వాళ్లు వెతికింది చచ్చిన వైరస్ ఎక్కడుందని. కణం లోపలికి వెళ్తోందా, బయటే అంటుకుని ఉంటోందా? ఇది తేల్చడానికి వైరస్‌ను ఎర్ర రక్తకణాల ఖాళీ తొడుగులకు అంటించి, గుడ్డు పొరకు తగిలించి, మళ్లీ బయటకు తీసేసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసే ఏర్పాటు చేశారు. ఆలోచన బాగుంది. కానీ వాళ్లు అడిగిన ప్రశ్న పక్కకు జరిగి, అడగని దానికి జవాబు రావడం మొదలైంది. ట్యూబులో మిగిలిన ద్రవం ఉంది కదా, మామూలుగా సింకులో పారబోసేది. వైరస్‌ను అడ్డుకునే గుణం ఆ ద్రవంలో కనిపిస్తోంది.

డీబగ్గింగ్ చేసినవాళ్లకు ఈ అనుభవం తెలిసే ఉంటుంది. ఎర్రర్ ఒక ఫైల్‌లో ఉందని రెండు రోజులు తవ్వుతాం, అది తీరా చూస్తే మనం తెరవని లాగ్‌లో ఉంటుంది.

ద్రవంలో మిగిలిపోయిన వైరస్ వల్లే ఇదంతా జరుగుతోందని ఎవరైనా అనొచ్చు. వాళ్లిద్దరూ ముందు ఆ అనుమానాన్నే పట్టుకున్నారు. గుడ్డు పొర ముక్కను చచ్చిన వైరస్‌తో మూడు గంటలు ఉంచారు. తర్వాత ముక్కను శుభ్రంగా కడిగేసి, కొత్త ద్రవంలో వేశారు. ఒక రోజు ఆగారు. కొత్త ద్రవంలోనూ అడ్డుకునే గుణం వచ్చింది. అంటే అది వైరస్ నుంచి జారిపడ్డది కాదు, కణమే తయారుచేసి బయటకు వదులుతోంది. ఆ ద్రవాన్ని ఇంతవరకు ఏ వైరస్సూ చూడని తాజా గుడ్డు పొర మీద వేసి, ఆపైన బతికున్న వైరస్‌ను వదిలారు. వైరస్ సరిగా పెరగలేదు. వైరస్‌ను నిర్వీర్యం చేసే యాంటీబాడీలు కలిపినా ద్రవం గుణం పోలేదు. వైరస్ అడుక్కి దిగిపోయేంత వేగంతో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పినా పోలేదు. ప్రతి పరీక్షా ఒకే మాట చెబుతోంది, ఇది వైరస్ కాదని.

పేరు పెట్టడం కూడా సరదాగానే జరిగిందంటారు. భౌతికశాస్త్రం వాళ్లకు ఎలక్ట్రాన్, ప్రోటాన్ ఉన్నప్పుడు జీవశాస్త్రానికి కూడా ఒకటి ఉండాలిగా అన్న ధోరణిలో ఇంటర్‌ఫెరాన్ అన్నారు. 1957లో రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో రెండు పేపర్లు వచ్చాయి. డెరెక్ బర్క్ అనే యువ కెమిస్టు దాన్ని శుద్ధిచేసే పనిలో చేరాడు. ఫెలోషిప్ గడువు తీరి లిండెన్‌మన్ స్విట్జర్లాండ్ వెళ్లిపోయాడు. అదే ఏడాది ఏషియన్ ఫ్లూ ప్రపంచాన్ని చుట్టేసింది. ఇన్‌ఫ్లుయెంజా సెంటర్ బాధ్యుడిగా ఐజాక్స్ నెత్తిన ఆ పనీ పడింది.

ఒక పక్కచూపు. అదే 1956లో అమెరికాలోని ఒహాయోలో బ్రూస్ గ్లిక్ అనే పరిశోధక విద్యార్థి, కోడి తోక దగ్గరుండే బర్సా అనే చిన్న సంచి తీసేస్తే యాంటీబాడీలు సరిగా తయారవడం లేదని బయటపెట్టాడు. పేరున్న జర్నల్ ఆ పేపర్‌ను తిప్పి పంపింది. చివరికి పౌల్ట్రీ సైన్స్‌లో అచ్చయింది. ఇవాళ ప్రతి ఇమ్యునాలజీ పుస్తకంలో కనిపించే బీ సెల్‌లోని బీ, ఆ బర్సా తాలూకుదే. రోగనిరోధక శాస్త్రం కోడికి ఎంత బాకీ పడిందో చెప్పడానికి ఒక్క ఏడాది చాలు.

ఊహాన్ అని వెక్కిరించారు

పత్రికలకు ఇంటర్‌ఫెరాన్ విపరీతంగా నచ్చేసింది. బ్యాక్టీరియాకు పెన్సిలిన్ ఎలాగో వైరస్‌లకు ఇది అలాగన్నారు. 1960లో ఫ్లాష్ గోర్డన్ కామిక్‌లో అంతరిక్ష యాత్రికుల్ని కాపాడే మందుగా కూడా కనిపించింది. బ్రిటన్ ప్రభుత్వానికి ఇంకో భయం ఉంది. పెన్సిలిన్‌ను తమ దేశంలో కనిపెడితే లాభం అమెరికా కంపెనీలకు వెళ్లిపోయిందన్న బాధ అప్పటికి ఆరలేదు. అందుకే మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్, గ్లాక్సో, ఐసీఐ, బరోస్ వెల్‌కమ్ కంపెనీలు కలిసి పనిచేసేలా ఒప్పందం కుదిర్చారు, పేటెంట్ ఏర్పాట్లూ చేశారు. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే ప్రోటోటైప్ కూడా సరిగా లేని స్టార్టప్‌కు పెద్ద ఫండింగ్ వచ్చింది.

ల్యాబుల్లో పరిస్థితి వేరు. ఇంటర్‌ఫెరాన్ తయారయ్యే మోతాదు అతి స్వల్పం. శుద్ధి చేయబోతే జారిపోతోంది. దాన్ని కొలవడానికి ఉన్న దారి ఒకటే, వైరస్ ఎంత ఆగిందో చూడటం. ఆ పరీక్షలో చిన్న తేడా వచ్చినా ఫలితం తారుమారు. వేరే చోట్ల కొందరు చేసి చూస్తే సరిగా రాలేదు. దాంతో అమెరికాలో కొందరు వైరాలజిస్టులు దీనికి ఇమాజినాన్ అని, మిస్ ఇంటర్‌ప్రెటాన్ అని పేర్లు పెట్టారు. తెలుగులో చెప్పాలంటే ఊహాన్, అపార్థాన్ అన్నట్టు.

ఐజాక్స్‌కు ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఒక జంతువు కణాల్లో తయారైన ఇంటర్‌ఫెరాన్ ఎక్కువగా ఆ జంతువు కణాల్లోనే బాగా పనిచేస్తుందని తేలింది. కోడిది కోడికి, దూడది దూడకు. అంటే గుడ్ల మీద ఎంత నేర్చుకున్నా మనిషికి మందు కావాలంటే మనిషి కణాలో, కనీసం కోతి కణాలో కావాలి. మొత్తం తయారీ మళ్లీ మొదటికొచ్చింది.

కోతి కిడ్నీ కణాల నుంచి తీసిన ఇంటర్‌ఫెరాన్‌తో 1962లో వాలంటీర్ల మీద ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. చర్మంలో ఇంటర్‌ఫెరాన్ ఇచ్చి, అదే చోట మశూచి టీకా వేశారు. టీకా వేసిన చోట పొక్కు రావడమంటే అందులోని వైరస్ పెరిగినట్టు. ఇంటర్‌ఫెరాన్ ఇచ్చిన చోట పొక్కులు బాగా తగ్గాయి. మనిషిలో అది పనిచేస్తుందని చూపించిన తొలి గట్టి సాక్ష్యం ఇదే. ఒక్క క్షణం ఇక్కడ ఆగండి. ఇంటర్‌ఫెరాన్ మనిషిలో సాధించిన మొదటి విజయం ఒక వ్యాక్సిన్‌ను పట్టనివ్వకుండా చేయడం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కోళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు పనికొస్తుంది.

జలుబు మీద చేసిన పరీక్ష మాత్రం ఫలించలేదు. ముక్కులో వేసిన మోతాదు చాలదని ఇప్పుడు తెలుసు. అప్పట్లో ఇది వెక్కిరించేవాళ్లకు దొరికిన అవకాశం. కంపెనీల ఉత్సాహం కూడా చల్లబడుతూ వచ్చింది.

ఈ ఏళ్లన్నిటిలో ఐజాక్స్ ఇంకో యుద్ధం కూడా చేస్తున్నారు. 1958లోనే ఆయనకు తీవ్రమైన డిప్రెషన్ వచ్చింది. కోలుకుని మళ్లీ పనిలో పడ్డా, అది తర్వాత కూడా వెంటాడింది. విమర్శల వల్లే వచ్చిందని నేను రాయను. అంత సులువుగా లెక్కగట్టే జబ్బు కాదది. కానీ బాగున్న రోజుల్లో ఆయన ఎంత హుషారుగా ఉండేవారో, ల్యాబ్‌లో కుర్రాళ్లను ఎంతగా ఉత్సాహపరిచేవారో కలిసి పనిచేసినవాళ్లు రాసి పెట్టారు. ప్లేస్‌మెంట్ సీజన్‌లో హాస్టల్ గదిలో తలుపేసుకుని ఉండిపోయిన ఫ్రెండ్ ఒకడు నాకు ఉన్నాడు. అందుకే ఈ పేరాను దాటేయలేకపోయాను. 1961లో మిల్ హిల్‌లో మొత్తం వైరస్, బ్యాక్టీరియా విభాగానికి ఐజాక్స్ అధిపతి అయ్యారు. ఆ కుర్చీలో అంతకుముందు ఉన్నాయన క్రిస్టఫర్ ఆండ్రూస్, 1933లో మనుషుల ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను పట్టుకున్న ముగ్గురిలో ఒకరు.

1963లో ఐజాక్స్ ఒక సాహసమైన ఊహ చేశారు. కణం ఇంటర్‌ఫెరాన్ కేక ఎందుకు పెడుతుంది? వైరస్ మొత్తాన్ని చూసి కాదు, లోపలికొచ్చిన పరాయి న్యూక్లిక్ యాసిడ్‌ను గుర్తుపట్టి అని. అది నిరూపించడానికి చేసిన ప్రయోగాలు నిలకడగా రాలేదు, మళ్లీ విమర్శలు వచ్చాయి. మరుసటి ఏడాది, 1964లో, మెదడులో రక్తస్రావమైంది. పుట్టుకతోనే ఉన్న రక్తనాళాల లోపం, ఆపరేషన్‌కు వీల్లేనిది. కోలుకుని తిరిగి వచ్చారు. విభాగం బరువు దించుకుని ఇంటర్‌ఫెరాన్ పరిశోధనకే ప్రత్యేకించిన ల్యాబ్‌ను చూసుకున్నారు. 1966లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. 1967 జనవరి 26న కన్నుమూశారు. 45 ఏళ్లు.

అదే 1967లో, కొన్ని నెలల తేడాతో, అమెరికాలో మారిస్ హిల్‌మన్ బృందం రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫెరాన్‌ను గట్టిగా పుట్టిస్తుందని చూపించింది. పరాయి న్యూక్లిక్ యాసిడ్ అన్న ఐజాక్స్ ఊహ దారి తప్పలేదు. చూసుకోవడానికి ఆయన లేరు.

మళ్లీ కోడి దగ్గరికే

తర్వాతి కథ తొందరగా చెప్పేస్తాను, చాలామంది రాసిందే. ఫిన్లాండ్‌లో కారీ కాంటెల్ మనుషుల రక్తంలోని తెల్లకణాల నుంచి ఇంటర్‌ఫెరాన్ తీశారు. 1980 ప్రాంతంలో జన్యువు చిక్కింది, బ్యాక్టీరియాలో తయారీ మొదలైంది. 1986లో ఒక రకం రక్త కేన్సర్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. తర్వాత హెపటైటిస్‌కు కూడా వాడారు. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ షాన్‌ఫెరాన్ పేరుతో దాన్ని తయారుచేసింది. ఇంటర్‌ఫెరాన్ ఒక్కటి కాదు, ఒక కుటుంబమని కూడా ఈలోగా తేలింది. ఐజాక్స్ చూసింది టైప్ 1. రోగనిరోధక కణాలు విడుదల చేసే ఇంకో రకాన్ని 1965లో వీలాక్ గుర్తించారు, దాన్నే ఇప్పుడు గామా అంటున్నాం.

విచిత్రం చూడండి. మొదట కనిపించింది కోడి ఇంటర్‌ఫెరాన్. జన్యువు దొరకడంలో మాత్రం మనిషిది ముందు, కోడిది 1994లో. అమెరికాలోని కనెక్టికట్‌లో ఫిలిప్ మార్కస్ బృందం దాన్ని పట్టుకుంది. ఇంత ఆలస్యానికి ఒక కారణం ఉంది. కోడి ఇంటర్‌ఫెరాన్లకు మన వాటితో పోలిక చాలా తక్కువ. గామాను తీసుకుంటే అమైనో ఆమ్లాల వరుసలో కలిసేది సుమారు మూడో వంతే. మనిషి జన్యువును నమూనాగా పెట్టి వెతికితే కోడిలో తగలదు. 1995లో ఆస్ట్రేలియాలోని గీలాంగ్‌లో, సీఎస్‌ఐఆర్‌ఓ పశు ఆరోగ్య ప్రయోగశాలలో, జాన్ లోవెంతాల్ బృందం కోడి గామాను కూడా సాధించింది. గీలాంగ్ ఎక్కడుందనుకున్నారు? ఐజాక్స్ ఇంటర్‌ఫియరెన్స్ చిక్కుముడి పట్టుకున్న మెల్‌బోర్న్‌కు గంట ప్రయాణం.

వాళ్ల ప్రశ్న సూటిగా ఉంది. కోడికి వ్యాక్సిన్ ఇచ్చేటప్పుడు దాని సొంత సిగ్నల్ ప్రొటీన్ కూడా కలిపి ఇస్తే?

ఎందుకు కలపాలో చెప్పాలంటే షెడ్డులోకి వెళ్లాలి. బ్రాయిలర్ కోడి జీవితం ఆరు వారాలు. పిల్ల పుట్టేటప్పటికి దాని రోగనిరోధక వ్యవస్థ ఇంకా పూర్తిగా తయారవదు. పైగా తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఒంట్లో ఉంటాయి, అవి పిల్లను కాపాడుతూనే వ్యాక్సిన్‌ను కూడా శత్రువనుకుని తినేస్తాయి. మన ఊళ్లలో కొక్కెర తెగులు అనే రాణిఖేత్ వ్యాధికి మొదటి వారంలోనే కంట్లోనో ముక్కులోనో చుక్క వేసేది, ఆ సందులో దూరడానికే. చచ్చిన వ్యాక్సిన్లు ఇవ్వాలంటే నూనె లాంటి అడ్జువెంట్ కలపాలి. అడ్జువెంట్ అంటే వ్యాక్సిన్‌కు తోడుపడి, రోగనిరోధక వ్యవస్థను తట్టిలేపేది. నూనెతో సూది వేసిన చోట వాపు, గడ్డలు రావొచ్చు. మాంసం కోసం పెంచే కోడిలో అది నష్టం. వేల కోళ్లను ఒక్కొక్కటిగా పట్టుకుని సూది వేయడం ఇంకో కష్టం.

గామా ఇంటర్‌ఫెరాన్ చేసే పని వేరు. వ్యాక్సిన్‌లోని పరాయి ముక్కను మింగే మాక్రోఫేజ్ కణాలను అది చురుకు చేస్తుంది. అవి ఆ ముక్కను తమ ఒంటి మీద ఎక్కువగా ప్రదర్శిస్తాయి, టీ సెల్స్ దాన్ని చూసి పని మొదలుపెడతాయి. 1998లో లోవెంతాల్ బృందం ప్రచురించిన ప్రయోగాల్లో యాంటిజెన్‌తో పాటు కోడి గామాను ఇచ్చినప్పుడు యాంటీబాడీలు పెరిగాయి, ఎక్కువకాలం నిలిచాయి. యాంటిజెన్ మోతాదు తగ్గించినా స్పందన బాగుంది. ఆ తర్వాత వేర్వేరు ల్యాబులు ఐఎల్-2, ఐఎల్-18 లాంటి ఇతర సైటోకైన్లను కూడా రాణిఖేత్, గంబోరో వ్యాక్సిన్లతో కలిపి చూశాయి.

ప్రొటీన్‌ను విడిగా తయారుచేసి ఇవ్వడం ఖర్చు. అందుకని ఇంకో ఉపాయం. కోళ్లకు మశూచి తెచ్చే ఫౌల్‌పాక్స్ వైరస్‌ను బలహీనపరిచి, దాన్నే ట్రాన్స్‌పోర్టు బండిగా వాడటం. అందులో రాణిఖేత్ వైరస్ జన్యువుతో పాటు కోడి ఇంటర్‌ఫెరాన్ జన్యువు కూడా ఎక్కిస్తే, వ్యాక్సినూ దాని తోడూ ఒకే బండిలో దిగుతాయి. 1998లోనే అమెరికాలో ఇలాంటి వ్యాక్సిన్‌ను పొదుగుతున్న గుడ్డులోకి నేరుగా ఎక్కించి కూడా చూశారు. అంటే ఐజాక్స్ ముక్కలుగా కోసి ట్యూబులో వేసిన ఆ గుడ్డులోకే.

కనెక్టికట్‌లో మార్కస్ బృందం మరో దారి పట్టింది. కోడి ఇంటర్‌ఫెరాన్‌ను తాగే నీళ్లలో కలిపి ఇచ్చి, రాణిఖేత్ తీవ్రత తగ్గుతుందని 1999లో ప్రచురించింది. ఐజాక్స్ మనిషి కోసం కలగన్న వైరస్ మందు, కోళ్లలో నీళ్ల తొట్టి దాకా వచ్చింది.

అయితే ఇది అందరూ షెడ్డులో వాడే మామూలు వస్తువు ఎందుకు కాలేదని మీరు అడగాలి. నేనూ అడిగాను. ఒకటి డబ్బు. కోడి వ్యాక్సిన్ డోసు లెక్క పైసల్లో నడుస్తుంది, శుద్ధి చేసిన ప్రొటీన్ ఆ ధరలో ఇమడటం కష్టం. రెండోది, ఈ ప్రొటీన్లు ఒంట్లో ఎక్కువసేపు ఉండవు, వేడికి తట్టుకోలేవు. మే నెల మధ్యాహ్నం షెడ్డు రేకుల కింద నిలబడినవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. మూడోది నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది. 1962 నాటి పొక్కులు గుర్తున్నాయా? టైప్ 1 ఇంటర్‌ఫెరాన్ పని వైరస్‌ను పెరగనివ్వకపోవడం. లైవ్ వ్యాక్సిన్ అంటేనే బలహీనపరిచిన వైరస్, అది ఒంట్లో కొంత పెరిగితేనే రక్షణ వస్తుంది. తోడుగా ఇచ్చింది ఎక్కువైనా, ముందైనా, వ్యాక్సిన్‌నే ఆపేయొచ్చు. ఏ రకం, ఎంత, ఎప్పుడు అన్నది ప్రతి వ్యాక్సిన్‌కూ విడిగా తేల్చుకోవాల్సిందే. గుడ్డు పొర, జన్యువు, టైమింగ్ లెక్కలు కలిసే ఈ చోట వెటర్నరీ, బయోటెక్, డేటా వాళ్లు ముగ్గురికీ పని ఉంది. ఆ రంగాల్లో ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు ఇంటర్వ్యూకు వెళ్లేముందు సైటోకైన్ అడ్జువెంట్లు అన్న మాటను ఒకసారి చదువుకుని వెళ్లండి.

వ్యాక్సిన్ల మధ్య ఇంటర్‌ఫియరెన్స్ కోళ్ల పరిశ్రమకు కొత్త కాదు. ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే శ్వాస జబ్బుకు వేసే లైవ్ వ్యాక్సిన్ పాలు ఎక్కువైతే, దాంతో పాటు వేసిన రాణిఖేత్ వ్యాక్సిన్ సరిగా పట్టకపోవచ్చు. ఇంటర్‌ఫెరాన్ ఒక్కటే కారణమని చెప్పలేం. కానీ అందుకే రెండూ కలిసిన వ్యాక్సిన్‌ను కంపెనీలు పాళ్లు చూసి తయారుచేస్తాయి. అలా కలిసి రాకపోతే ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కొన్ని రోజుల గ్యాప్ ఇమ్మని డాక్టర్లు రైతుకు చెబుతారు. రైతు షెడ్డు గోడకు తగిలించిన క్యాలెండర్‌లో ఆ తేదీల చుట్టూ పెన్నుతో సున్నాలు చుట్టి పెట్టుకుంటాడు. మెల్‌బోర్న్‌లో ఐజాక్స్‌ను పట్టుకున్న చిక్కుముడి, ఆ రెండు సున్నాల మధ్య ఖాళీలో ఇంకా ఉంది.